ఆశ్చర్యము పాటలో నున్నదా, చెవిలో నున్నదా?

ఆశ్చర్యమనునది వస్తువులోనే యున్నదని మనము సాధారణముగా తలంతుము. పిడుగు పడినప్పుడు ఉలికిపడితిమి కావున ఆశ్చర్యము పిడుగులో నున్నదనుకొందుము. కొంచెము నిదానించి విచారించినచో ఈ తలంపు నిలువదు. రైలుకట్ట ప్రక్కన ఇల్లు కట్టుకొని చిరకాలము కాపురమున్నవాడు నడిరేయి పోవు బండి చప్పుడునకు నిద్ర లేవడు. ఏనాడైనను ఆ బండి రాకున్నచో అతడే కలతపడి కన్ను తెరచును. అతనిని మేలుకొలిపినది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవుట. ఆ యింటికి ఆ సాయంకాలమే వచ్చిన చుట్టము సంగతి దీనికి తలక్రిందులు. బండి వచ్చిన అతడు ఉలికిపడి లేచును. రాకున్న హాయిగా నిద్రించును. బండి యొక్కటే, రాత్రి యొక్కటే. చెవులు మాత్రము వేరు.

దీనినిబట్టి మనకొక సూత్రము లభించుచున్నది. మనస్సు రానున్నదానిని ముందుగా ఊహించుకొని యుండును. వచ్చినది ఆ యూహకు భిన్నమైనప్పుడు పుట్టునదే ఆశ్చర్యము. ఊహ లేనిచోట ఆశ్చర్యమునకు తావు లేదు. ఈ సూత్రము సంగీతమునందు ఎట్లు పని చేయుచున్నదో స్వీడను దేశపు 'ఓపెత్' అను మేళము వారి పాటల మూలమున వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన కీర్తనలుండగా స్వీడను దేశపు గిటారు మేళమెందులకని పెద్దలు అడుగవచ్చును. కారణములు రెండు. మొదటిది, మన పై తరగతుల బాలురు కొందరు ఇట్టి సంగీతమును చేతిఫోనులలో వినుచున్నారు. ఇంటిలో తల్లిదండ్రులు అది సంగీతము కాదు, రొద యనుచున్నారు. ఈ రెండు మాటలకును నడుమ నున్న వంతెన ఏదో తెలిసికొనుట ఉభయులకును మేలు. రెండవది, శ్రోత యొక్క ఊహతో ఆడుకొనుటయే ఓపెత్ వారు ముప్పది యేండ్లకు పైగా చేయుచున్న పని. వారి చరిత్రలో మన సూత్రమునకు ఒకదానివెంట ఒకటిగా ఉదాహరణములు దొరకును.

సంగీతమునకు పోకముందు భాష సంగతి చూతము. "రాముడు పెట్టెలో నున్న పుస్తకమును తీసి" అని నేను చదివి ఆగినచో తరగతిలోని బాలురందరును "చదివెను" అనియో "ఇచ్చెను" అనియో లోలోపల పూరించుకొందురు. నేను "తినెను" అనినచో గొల్లున నవ్వుదురు. అదే తరగతి కిటికీ యొద్ద తెలుగు రాని మిత్రుడొకడు నిలిచి వినుచున్నచో అతనికి నవ్వు రాదు. అతని చెవిని పడిన ధ్వనులు మన చెవిని పడిన ధ్వనులే. అతనికి లేనిది మాట కాదు, మాట కొరకైన ఎదురుచూపు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము వినుచు పెరుగు మన హోసూరు పిల్లలకు ఇది అనుభవముననే తెలిసిన విషయము. ఒక భాషలోని హాస్యము మరియొక భాష వానికి చెప్పబోయి చతికిలబడని వారు మనలో లేరు.

ఈ ఎదురుచూపు ఎవరు నేర్పిరి? ఎవరును నేర్పలేదు, వినుటచేతనే వచ్చినది. 1996లో అమెరికా దేశమున సాఫ్రాన్, ఆస్లిన్, న్యూపోర్ట్ అను ముగ్గురు పరిశోధకులు ఎనిమిది నెలల శిశువులకు అర్థము లేని అక్షరముల వరుసను విరామము లేకుండ రెండు నిమిషములు వినిపించిరి. ఆ వరుసలో కొన్ని అక్షరములు ఎల్లప్పుడును ఒకదానివెంట ఒకటి వచ్చుచుండెను. కొన్ని అట్లు వచ్చుట లేదు. రెండు నిమిషములలోనే శిశువులు ఆ భేదమును పసిగట్టిరి. తరువాత 1999లో స్వరముల వరుసలతో చేసిన ప్రయోగమునందును ఫలితమట్లే వచ్చినది. ఏది దేనివెంట వచ్చునో లెక్కపెట్టుకొనుట మనస్సునకు పుట్టుకతో వచ్చిన పని యని దీనివలన తెలియుచున్నది.

పద్యము వినువానికిని ఇదే న్యాయము. కందపద్యములో మొదటి పాదమున రెండవ అక్షరము లకారమని వినినవాడు తక్కిన మూడు పాదములందును అచ్చటనే లకారము కొరకు ఎదురుచూచును. ప్రాస కుదిరినప్పుడు తృప్తి. తప్పినప్పుడు చెవికి ముల్లు. ప్రాస యననేమో తెలియనివానికి తృప్తియు లేదు, ముల్లును లేదు.

సంగీతకారులు ఈ రహస్యమును చాలకాలము క్రిందటనే గ్రహించిరి. ఆస్ట్రియా దేశస్థుడైన హైడన్ 1791లో రచించిన 94వ సింఫనీ 1792లో లండను నగరమున మొదటిసారి వినిపింపబడినది. దాని రెండవ భాగము అతి సరళమైన, మెత్తని రాగఖండముతో మొదలగును. ఆ ఖండమే మరింత మెల్లగా మరల వచ్చును. శ్రోత ఇక అంతయు నిట్లే జరుగునని నమ్మి వెనుకకు వాలునంతలో వాద్యబృందమంతయు ఒక్క పెట్టున గట్టిగా మ్రోగును. ఆ మ్రోత పాట మొదటనే వచ్చి యుండినచో ఎవరును దానిని జ్ఞాపకముంచుకొనరు. ముందున్న మెత్తదనమే దానికి బలము నిచ్చినది.

ఈ విషయమును శాస్త్రముగా వివరించిన వారిలో ముఖ్యులు ఇద్దరు. 1956లో లెనార్డ్ మేయర్ అను అమెరికా పండితుడు, శ్రోత యొక్క నిరీక్షణమును ఆలస్యము చేయుట చేతను, అడ్డుకొనుట చేతను సంగీతము భావమును పుట్టించునని ఒక గ్రంథమున ప్రతిపాదించెను. 2006లో డేవిడ్ హ్యూరన్ ఆ వాదమును మనశ్శాస్త్ర పరిశోధనలతో విస్తరించెను. ఊహ తప్పినప్పుడు మనస్సు మొదట దానిని అపాయముగా నెంచును; మరుక్షణమున "ఇది పాటయే గదా, అపాయము లేదు" అని ఊరట చెందును. బెదురు వెంట వచ్చిన ఆ ఊరటయే ఒక్కొక్కప్పుడు నవ్వుగను, ఒక్కొక్కప్పుడు గగుర్పాటుగను, ఒక్కొక్కప్పుడు ఊపిరి బిగబట్టిన విస్మయముగను తోచునని హ్యూరన్ చెప్పుచున్నాడు.

ఇక మన ప్రస్తుతాంశమునకు వత్తము. మెటల్ సంగీతము ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరపు బ్లాక్ సబాత్ మేళముతో 1970లో ఒక రూపము తాల్చినదని చెప్పుదురు. విద్యుత్ గిటారు ధ్వనిని కావలెనని చీల్చి గరుకు చేయుట, డ్రమ్ములను బలముగా మోదుట దాని లక్షణములు. 1980 తరువాత దానిలో 'డెత్ మెటల్' అను శాఖ పుట్టినది. దానిలో గాయకుడు స్వరములను పాడక గొంతు లోతులనుండి గర్జించును. మరియొక ప్రక్క ఇంగ్లండులో 1970 ప్రాంతమున 'ప్రోగ్రెసివ్ రాక్' అను మార్గము వర్ధిల్లెను. దీర్ఘమైన పాటలు, మారుచుండు తాళములు, ఒకే పాటలో పలు ఘట్టములు దాని లక్షణములు. ఈ రెండు మార్గములు కలియగా వచ్చినదే 'ప్రోగ్రెసివ్ మెటల్'.

ఓపెత్ మేళము 1990లో స్టాక్‌హోమ్ నగరమున ఏర్పడినది. విల్బర్ స్మిత్ అను నవలాకారుని కథలోని ఒక నగరము పేరు దీనికి ఆధారము. 1974లో జన్మించిన మికాయెల్ ఓకెర్ఫెల్ట్ దీనికి నాయకుడు, గాయకుడు, ప్రధాన రచయిత. వారి మొదటి ఆల్బమ్ 'ఆర్కిడ్' 1995లో వెలువడినది. 1996 నాటి 'మార్నింగ్‌రైజ్' ఆల్బమ్‌లో పాటలు అయిదే. వానిలో నొకటి ఇరువది నిమిషములకు పైబడినది. ఒకే గాయకుడు ఒక ఘట్టమున గర్జించుట, మరుఘట్టమున కోమలముగా పాడుట, గరుకు గిటారులు హఠాత్తుగా ఆగి తీగవాద్యమొక్కటే మెల్లగా పలుకుట వీరి పద్ధతి.

2001లో వచ్చిన 'బ్లాక్‌వాటర్ పార్క్' ఆల్బమ్‌ను ఉదాహరణముగా తీసికొందము. దాని మొదటి పాట పది నిమిషములకు పైగా నడచును. గర్జనతో, డ్రమ్ముల హోరుతో సాగిన పాట నడుమ శాంతించి మధురమైన కంఠమునకు చోటిచ్చును, మరల చెలరేగును, తుదకు పియానో యొక్కటే మిగిలి మెల్లగా ముగియును. ఈ పాటను ఇద్దరు వినుచున్నారనుకొనుడు. ఒకడు డెత్ మెటల్‌కు అలవాటుపడినవాడు. గర్జన అతనికి కొత్త కాదు. ఆ గర్జన కడుపులోనుండి కోమల స్వరము పుట్టుట అతనికి ఆశ్చర్యము. రెండవవాడు ఇట్టి సంగీతమును ఎన్నడును విననివాడు. వానికి మొదటి గర్జనయే దెబ్బ. పియానో వచ్చునప్పటికి "అమ్మయ్య, ఇప్పటికి పాట మొదలైనది" అనుకొనును. మొదటివానికి అపూర్వముగా తోచిన భాగము రెండవవానికి పరిచితము. రెండవవానికి భీకరమైన భాగము మొదటివానికి పరిచితము. ఒక్క పాట ఇద్దరి చెవులలో రెండు పాటలైనది.

ఇచట మేళము వారికొక చిక్కు వచ్చిపడును. ఒకసారి ఆశ్చర్యపెట్టిన ఉపాయము రెండవసారి పద్ధతి యగును, మూడవసారి ఆచారమగును. ఓపెత్ పాటలు నాలుగు వినిన శ్రోత "ఇక గర్జన ఆగును, ఇక మెల్లని తీగ పలుకును" అని ముందే చెప్పగలడు. ఎల్లప్పుడును అనుకోనిదే చేయువాని నుండి జనము అనుకోనిదానినే ఎదురుచూతురు. ఈ చిక్కునుండి ఓపెత్ వారు బయటపడిన తెరగు విచారింపదగినది.

2002లో వచ్చిన 'డెలివరెన్స్' ఆల్బమ్‌లో అదే పేరు గల పాట పదమూడున్నర నిమిషములు నడచును. ఘట్టములు మారుచుండుటయే వీరి ఆచారమని యెరిగిన శ్రోత ఈ పాట తుదియందును మార్పు కొరకు కాచియుండును. అచట గిటారులును డ్రమ్ములును కలిసి కత్తిరించినట్టి ఒక వంకర లయను పట్టుకొనును. ఆ లయయే మరల మరల, మూడు నిమిషములకు పైగా వచ్చును. దానిపై చిన్న చిన్న చేర్పులు తప్ప పెద్ద మార్పు లేదు. ఇప్పుడు మారును, ఇప్పుడు మారునని శ్రోత ఎదురుచూచుచుండగనే పాట ముగియును. మార్పునకు అలవాటుపడిన చెవికి మారకపోవుటయే ఆశ్చర్యము. రైలుకట్ట ప్రక్కవానిని మేలుకొలిపిన నిశ్శబ్దము వంటిదే యిది.

ఇంతకంటె పెద్ద మలుపు 2003లో వచ్చినది. 'డెలివరెన్స్' కొరకు పాటలు ధ్వనిముద్రణము చేయుచున్న కాలముననే మరియొక ఆల్బమ్ కొరకును పాటలు సిద్ధము చేసిరి. దాని పేరు 'డామ్నేషన్'. పేరునకు అర్థము నరకశిక్ష. పేరు వినినవాడు మునుపటికంటె భయంకరమైన గర్జనను ఊహించును. కాని ఆ ఎనిమిది పాటలలో ఒక్క గర్జనయు లేదు. చీల్చిన గిటారు హోరు లేదు. మెల్లని కంఠము, మంద్రమైన వాద్యములు, విషాదము మాత్రమే కలవు. ఇవే పాటలను మరియొక మేళము పాడియుండినచో అవి చక్కని మృదుగీతములని శ్రోతలు మెచ్చుకొని యూరకుందురు. ఓపెత్ వారు పాడుటచేత శ్రోత ప్రతి పాటయందును గర్జన కొరకు చెవి యొగ్గి కూర్చుండును. రాని గర్జన ప్రతి నిశ్శబ్దమును బరువెక్కించును. లేని ధ్వని సైతము సంగీతములో పని చేయగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి కావలయునా?

2008 నాటి 'వాటర్‌షెడ్' ఆల్బమ్ మొదటి పాట మృదువుగా, స్త్రీకంఠముతో కలిసి సాగును. వెంటనే వచ్చు రెండవ పాట బండ దొర్లినట్లు మీదబడును. ఇది హైడన్ ఉపాయమే. మెత్తదనము చూపి వెనువెంటనే మోదుట. ఆ ఆల్బమ్‌లోనే 'బర్డెన్' అను పాట తుది విచిత్రమైనది. పాట చల్లగా ముగియబోవుచు ఒక్క తీగవాద్యము మాత్రము పలుకుచుండును. వాయించుచుండగనే దాని తీగల మరలను ఒక్కొక్కటిగా సడలించుదురు. రాగఖండము అదియే, వ్రేళ్ళు కదలు చోట్లును అవియే, స్వరములు మాత్రము క్రిందికి జారి, వంకరలు తిరిగి, అపస్వరములై పోవును. శ్రుతి యనగా నేమో చెవికి తెలిసినవాడు ఇచట కుర్చీలో కదలును. మనలో వీణ శ్రుతి చేయుట చూచిన పిల్లలకు ఇది వెంటనే బోధపడును. శ్రుతి జ్ఞానము లేనివానికి గిటారు మరియొక పాట వాయించుచున్నట్లే తోచును.

2011లో 'హెరిటేజ్' వచ్చినది. అది పియానోపై వాయించిన చిన్న ఖండముతో మొదలగును. ఆల్బమ్ అంతటను గర్జన లేదు. 1970 ప్రాంతపు ప్రోగ్రెసివ్ రాక్ ఛాయలు దానిలో ప్రస్ఫుటముగా నున్నవి. 'డామ్నేషన్' ఒక్కసారి చేసిన వేరు ప్రయోగమని సమాధానపడిన అభిమానులలో పలువురు దీనిని సహింపలేక పోయిరి. మేళము దారి తప్పినదని కొందరు, పెరిగినదని కొందరు వాదులాడుకొనిరి. 1970 నాటి పాటలు వినుచు పెరిగిన వృద్ధ శ్రోతకు ఈ ఆల్బమ్ సుపరిచితమైన ఇంటి వలె తోచును. మెటల్ మాత్రమే యెరిగిన యువకునికి అది చాల వింత. ఓపెత్ పేరే విననివానికి అది ఇంపైన సంగీతము, అంతే.

ఇచట మనము జాగ్రత్తగా గ్రహింపవలసిన భేదమొకటి కలదు. ఆశ్చర్యమంతయు ఆనందము కాదు. పండుగనాడు పరమాన్నము కొరకు కూర్చున్నవానికి పులుసు వడ్డించినచో పులుసు ఎంత రుచిగా నున్నను ముద్ద దిగదు. 2019లో జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగరములోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులును వారి సహచరులును ఒక శోధన ప్రకటించిరి. అమెరికాలో ప్రసిద్ధి పొందిన 745 పాటలనుండి సుమారు 80,000 స్వరసముదాయములను వారు యంత్రగణనచేత పరిశీలించి, ఒక్కొక్క చోట ఎంత నిశ్చయము, ఎంత ఆశ్చర్యము కలదో లెక్కగట్టిరి. ఆ వరుసలను మాటలు, రాగములు తీసివేసి శ్రోతలకు వినిపించిరి. రానున్నదేదో శ్రోతకు గట్టి నిశ్చయమున్నచోట అనుకోనిది వచ్చినప్పుడు ఆనందము హెచ్చెను. ఏది వచ్చునో తోచక తడబడుచున్నచోట మాత్రము అనుకొన్నట్టిదే వచ్చినప్పుడు ఆనందము హెచ్చెను.

ఈ ఫలితము మన యిండ్లలోని వాదమునకు చక్కని సమాధానము. మెటల్ వినుచున్న కుమారునికి ఆ సంగీతపు నడక తెలియును, నిశ్చయమున్నది, కావున మలుపు అతనికి ఆనందము. ప్రక్కన కూర్చున్న తండ్రికి ఏది వచ్చునో ఏమియు తోచదు, అంతయు తడబాటే. తడబడుచున్నవానికి మలుపుపై మలుపు వచ్చినచో విసుగే కలుగును. అతడు రొద యనుటలో అసత్యము లేదు. అతని చెవికి అది నిజముగా రొదయే. అట్లే శతకపద్యము పాఠము వచ్చినప్పుడు ఆవులించు బాలుని చెవికి ఆ పద్యము రొద. యతి ఎచట పడునో, ప్రాస ఎచట పలుకునో, సమాసము ఎటు విరుగునో వానికి ఎదురుచూపు లేదు. కవి చేసిన చమత్కారము వాని ప్రక్కనుండియే పోవును, తలుపు తట్టదు. తండ్రియు కుమారుడును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఇద్దరును తమ చెవిలోని లోటును పాటపై మోపుచున్నారు.

మరల ఓపెత్ కథకు వత్తము. 2019లో వారు 'ఇన్ కౌడా వెనేనమ్' అను ఆల్బమ్ వెలువరించిరి. ఈ లాటిన్ పేరునకు 'తోకలో విషము' అని యర్థము. తేలు కొండితో కుట్టినట్లు తుదియందు దెబ్బ యుండునని భావము. ఆశ్చర్యమును వృత్తిగా పెట్టుకొన్న మేళమునకు ఇంతకంటె తగిన పేరు దొరకదు. అయితే ఇందలి విశేషము వేరొకటి. అంతవరకు ప్రధానముగా ఇంగ్లీషున పాడిన ఓకెర్ఫెల్ట్ ఈ పాటలను తన మాతృభాషయైన స్వీడిష్‌లో రచించి పాడెను. ఇంగ్లీషు పాఠమును సైతము వేరుగా వెలువరించిరి. స్వీడిష్ మాటలాడువారు లోకమున సుమారు ఒక కోటి మంది. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైబడినవారు. ప్రపంచమంతటను శ్రోతలు గల మేళము కోటిమంది భాషలో పాడుటకు వెనుదీయలేదు. స్వీడిష్ రాని శ్రోతలు మాటల అర్థము తెలియకయే ఆ కొత్త ధ్వనికి చెవి యొగ్గిరి. ఇంట మాటలాడు భాష వీధిలో వినబడని పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

'హెరిటేజ్' మొదలు 2019 వరకు వచ్చిన నాలుగు ఆల్బమ్‌లలో గర్జన లేదు. కచ్చేరీలలో పాత పాటలకు గర్జించుచున్నను, కొత్త పాటలలో ఇక గర్జన యుండదని శ్రోతలు నిశ్చయించుకొనిరి. 2024 నవంబరులో 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' వెలువడినది. ఒక కుటుంబ పెద్ద మరణించిన తరువాత అతని వీలునామా చదువుట దీని కథ. పాటలలో తుదిదానికి తప్ప పేరులు లేవు. దస్తావేజులోని విభాగముల వలె సంఖ్యలే కలవు. దానిలో మొదటి పాటయందే గర్జన వినవచ్చెను. పదునారేండ్ల క్రిందట ప్రతి శ్రోతయు ఎదురుచూచిన ధ్వనియే యిది. 'వాటర్‌షెడ్' నాడు దానికి ఎవరును ఉలికిపడి యుండరు. నడుమ గడచిన నిశ్శబ్దము ఆ పాత ధ్వనిని కొత్త చేసినది. గర్జన మారలేదు, వినువాని లెక్క మారినది. తుదిపాట మరల గర్జన లేని మృదుగీతము. ముప్పది నాలుగేండ్ల ఈ చరిత్రలో వారు వాడిన పనిముట్లు ముఖ్యముగా రెండే, గర్జనయు మార్దవమును. శ్రోత ఎచట నిలిచి యున్నాడో కనిపెట్టి, అతడు చూడని వైపునుండి వచ్చుటయే వారి విద్య.

ఇచట తెలివిగల విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చును. ఆశ్చర్యము ఊహ తప్పుటయే యైనచో, నూరుసార్లు వినిన పాటలో మలుపు ఎచట నున్నదో మనకు తెలియును గదా, అయినను అచట ఏల గగుర్పాటు కలుగుచున్నది? పరిశోధకులు దీనికి చెప్పు సమాధానము వినదగినది. మన యెదురుచూపులు రెండు విధములు. ఒకటి ఈ పాటను గూర్చిన జ్ఞాపకము. రెండవది ఇట్టి పాటలన్నిటిని వినుటచేత స్థిరపడిన అలవాటు. జ్ఞాపకము "ఇచట మలుపు కలదు" అని చెప్పుచున్నను, అలవాటు తన దారిని తాను "తిన్నగా పోవలెను" అనుచునే యుండును. అలవాటునకు ఒక్క పాట లెక్కలోనిది కాదు. అది వేల పాటల సారము. కావున ప్రతిసారియు అది మోసపోవుచునే యుండును. నాటకమున హరిశ్చంద్రుడు కత్తి యెత్తినప్పుడు, కథ తెలిసిన పెద్దలు సైతము ఊపిరి బిగబట్టుటకు ఇదియే కారణము.

విద్యార్థులారా! ఈ వ్యాసము చదివి మీరందరును ఓపెత్ పాటలు వినవలెనని నా యభిప్రాయము కాదు. ఏ సంగీతము వినినను, ఏ పద్యము చదివినను ఒక చిన్న అభ్యాసము చేయుడు. నడుమ ఒకచోట ఆపి, "దీని తరువాత ఏమి వచ్చును?" అని మీరే ఊహించి ఒక కాగితముపై వ్రాసికొనుడు. తరువాత ముందుకు సాగి సరిచూచుకొనుడు. మొదటి దినము మీ యూహలు చాలవరకు తప్పును. పదిసార్లు వినిన పిమ్మట నడక పట్టువడును. అప్పుడు కవి గాని గాయకుడు గాని మీ యూహను దాటి అడుగు వేసినచోట మీకు తెలియకుండనే ముఖమున చిరునవ్వు వచ్చును. ఆ చోటును గుర్తు పెట్టుకొనుడు. కవి చేతి చమత్కారము అచ్చటనే యుండును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. కుమారుడు గాని కుమార్తె గాని వినుచున్నది రొద యని తోచినప్పుడు వెంటనే కట్టివేయక, "ఇప్పుడు ఏమి రానున్నది, చెప్పుము" అని యొక్కసారి అడుగుడు. బిడ్డ సరిగా చెప్పగలిగినచో అది ఆ చెవికి రొద కాదని గ్రహింపుడు. అచట వినికిడియు, లెక్కయు, ఓపికయు పని చేయుచున్నవి. ఆ ఓపికనే మన పద్యమువైపును కొంచెము త్రిప్పుటకు ప్రయత్నింపుడు. రాత్రి భోజనమైన పిమ్మట ఒక్క పద్యము మూడు పాదములు చదివి, నాలుగవ పాదమున ప్రాస యెచట పడునో బిడ్డను అడుగుడు. పాఠశాలలో వారమునకు కొన్ని గంటలు మాత్రమే వినబడు భాషలో చెవికి ఎదురుచూపు కుదురుట కష్టము. ఆ లోటు ఇంటియందే తీరవలెను. ఎదురుచూపు కుదిరిన చెవికి మన కవులు చేసిన ఆశ్చర్యములు వేయి యేండ్లవి సిద్ధముగా నున్నవి.